ఇంటికి తిరిగొచ్చిన బట్టలు

సున్‌చన్,
సెప్టెంబరు 3, బుధవారం

చిరంజీవి యున్‌హొకు,

నిన్న శిక్షణ కేంద్రం గేటు ముందు నిన్ను వదిలి ఇంటికి చేరేసరికి చీకటి పడింది. గుండు చేయించుకున్న నీ తలను చివరిసారి తడిమిన చేతిని మీ అమ్మ దారి పొడవునా ఒడిలో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ కూర్చుంది. మీ నాన్న మాత్రం బస్సు దిగాక, "మోకాలి సంగతేమిటో" అని గొణిగాడు. "బాగైపోయిందని వైద్యుడే వ్రాసి ఇచ్చాడు కదా" అని నేను సమాధానమిచ్చాను.

రెండు విషయాలు నీకు చెప్పవలసి ఉన్నవి.

మొదటిది ఉత్తరాల గురించి. తేదీ వేయకుండా వ్రాయవద్దు. వాక్యాన్ని మొదలుపెట్టిన కర్తను మధ్యలో వదిలేయవద్దు. నలభై ఏళ్లు పిల్లల చేత వ్రాయించినవాడిని, మనవడి ఉత్తరాన్ని దిద్దకుండా ఊరుకోలేను. నీ ప్రతి ఉత్తరాన్నీ దిద్ది తిరిగి పంపుతాను.

రెండవది గోడ గురించి. ముందుగదిలో, గడియారం పక్కన, ఇత్తడి పలకకు చోటు ఖాళీ చేసి మేకు కొట్టాను. మూడు తరాల మగవాళ్లందరూ సైన్యంలో నిర్బంధ సేవను పూర్తికాలం చేసిన కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే పలక అది. నేను, మీ నాన్న, మీ బాబాయి, అతని ఇద్దరు కొడుకులు అయిపోయాము. మిగిలినవాడివి నువ్వు. హైస్కూల్లో బంతాటలో చీలిన ఆ మోకాలి నరాన్ని చూసి మొదట నిన్ను నాలుగో శ్రేణిలో వేసినప్పుడు, వార్డు ఆఫీసులో కాగితాలు సర్దుతూ సాయంత్రానికి ఇంటికి వచ్చే కొలువే నీకు రాసిపెట్టి ఉందని అందరూ అనుకున్నారు. పునఃపరీక్ష కోరుతూ నేను వ్రాసిన అర్జీ నిన్ను మూడో శ్రేణికి మార్చింది. ఇప్పుడు నువ్వు అసలైన సైనికుడివి. నువ్వు విడుదలై వచ్చే రోజున ఆ మేకు ఖాళీగా ఉండదు.

కవాతులో మడమలు బొబ్బలెక్కితే సూదితో దారం గుచ్చి వదిలేయి. కీచురాళ్లు అరుస్తున్న ఎండలో నేను నడిచిన రోజుల్లో మా సార్జంటు నేర్పిన ఉపాయమది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య
తక్ జొంగ్‌ముక్


(బట్టల పెట్టెలో పెట్టిన చీటీ)

శిక్షణ కేంద్రం,
సెప్టెంబరు 4, గురువారం

ప్రియమైన తాతయ్యకు,

ఇప్పుడే యూనిఫారం ఇచ్చారు. వేసుకొచ్చిన బట్టలు, బూట్లు ఈ అట్టపెట్టెలో సర్ది ఇళ్లకు పంపించమన్నారు. చీటీ రాయడానికి పది నిమిషాలు. గట్టి గొంతు సార్జంటు ఒకడు వరసల మధ్య తిరుగుతూ, "అమ్మకి రాయండ్రా. అన్నం బాగుందని రాయండి. ఏడుపులు రాసినవాడి పెట్టె ఇక్కడే ఆగిపోతుంది" అంటున్నాడు. అన్నం బాగుంది.

ఈ పెట్టెను అమ్మ కాదు, మీరు తెరవండి. జీన్స్ ప్యాంటు కుడి కాలిలో నా మోకాలి పట్టీ ఉంది. అది అమ్మ కంట పడకూడదు. బస్సులో వచ్చేటప్పుడు పెట్టుకునే వచ్చాను. మెట్లు దిగేటప్పుడు అది లేకపోతే ఇప్పటికీ కాలు పక్కకు జారుతుంది. మీకు ఈ మాట చెప్పలేదు.

వచ్చే మంగళవారం దాకా ఇక్కడ వైద్య పరీక్షలు ఉంటాయి. ఒంట్లో ఏదైనా తేలితే ఇంటికి పంపేస్తారు. పొద్దున మా వరసలో ఉబ్బసం ఉన్నవాడిని పంపేశారు. పట్టీ చూస్తే నన్నూ అడుగుతారు. అందుకని దాన్ని ఇంటికి పంపుతున్నాను. మంగళవారం దాటితే ఇక ఎవరూ ఎవరినీ ఇంటికి పంపరు.

మీ మనవడు,
యున్‌హొ


సున్‌చన్,
సెప్టెంబరు 8, సోమవారం

చిరంజీవి యున్‌హొకు,

నీ పెట్టె ఈ ఉదయం పదకొండింటికి వచ్చింది. మీ అమ్మ వంటింట్లో క్యాబేజీకి ఉప్పు పట్టిస్తోంది. చేతులు కడుక్కుని వచ్చేలోగా పెట్టెను నా గదిలోకి తీసుకువెళ్లి తెరిచాను. నువ్వు చెప్పినది చెప్పినచోటే ఉన్నది. దానిని నా బల్ల సొరుగులో, పాత సుద్దముక్కల డబ్బా వెనుక పెట్టాను.

తరువాత పెట్టెను ముందుగదిలోకి తెచ్చాను. మీ అమ్మ చొక్కా తీసి ముఖానికి ఆనించుకుంది. "ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్క గుడ్డ మడతపెట్టి ఎరగడు. ఇప్పుడు చూడండి మామయ్యగారూ, ఇస్త్రీ చేసినట్టు పంపించాడు" అని, మడత విప్పకుండానే ఏడ్చింది. నీ బూట్లు మాత్రం ఇంకా కడగనివ్వలేదు.

మోకాలి విషయం ఆలోచించాను. ఒక సైనికుడు తన శరీరస్థితిని దాచడం మంచి పద్ధతి కాదు. నొప్పి భరింపరానిదిగా ఉన్నట్లయితే వైద్యాధికారికి తెలియజేయవలసినది. ఈ ఉత్తరాన్ని సాయంత్రం తపాలాలో వేస్తాను.

నీ చీటీని ఎర్ర సిరాతో దిద్ది దీనితో జతచేశాను. నాలుగు చోట్ల విరామచిహ్నాలు లేవు. సంతకంలో నీ పేరు వంకరగా ఉన్నందున సరిగా వ్రాసి చూపించాను.

ఆశీస్సులతో,
తాతయ్య


శిక్షణ కేంద్రం,
అక్టోబరు 9

ప్రియమైన తాతయ్యకు,

మీ ఉత్తరం సెప్టెంబరు పదకొండు, గురువారం నాడు అందింది.

ఇక్కడ ఉత్తరాలు పంచేటప్పుడు సార్జంటు ముందు తను ఒకసారి తిరగేస్తాడు. మీరు దిద్దిన చీటీ చూసి ఆగిపోయాడు.

"ఏరా తక్. మీ ఇంట్లో నీమీద ఎవరికి పగ?"

"ఎవరికీ లేదు సార్."

"మరి పేరు ఎర్ర సిరాతో రాశారేంట్రా? పోయినవాళ్ల పేరు కదా అలా రాసేది."

"మా తాతయ్య సార్. రిటైరైన బడిపంతులు."

"ఓహో. అయితే చావు కూడా చక్కటి చేతిరాతతో వస్తుందన్నమాట."

ఆ వారమంతా నన్ను దయ్యం అనే పిలిచారు. పర్వాలేదు, పేరు పడితే పనులు తక్కువ చెబుతారు. కానీ ఇకమీదట నీలం సిరా వాడితే బాగుంటుంది.

వైద్యుడితో చెప్పమన్నారు. మంగళవారం దాటాక చెబితే ఇంటికి పంపరు. చేతకానివాడని ఒక కాగితం మీద రాసుకుని అదే వరసలో నిలబెడతారు. అందుకని చెప్పలేదు. మీరు తప్పు అనుకోకండి, తపాలా ఎప్పుడు చేరుతుందో మీకు మాత్రం ఎలా తెలుస్తుంది.

పూర్తి బరువుతో చేసే నడక అయిపోయింది. పక్క మంచం క్వాక్ దోషిక్ తన తువాలు చించి నా మోకాలికి కట్టాడు. కడుతూ, "మా అమ్మమ్మ ఉడకబెట్టిన చిలగడదుంప ఇలాగే ఉంటుందిరా, తొక్క ఒక్కటే తక్కువ" అన్నాడు. వాడు ఆదివారం పొద్దున చర్చికి, మధ్యాహ్నం బౌద్ధాలయానికి వెళ్తాడు. రెండు చోట్లా కేకు ముక్క పెడతారు. నన్నూ లాక్కెళ్తాడు. బుద్ధుడి ముందు ఎక్కువసేపు మోకాళ్లమీద కూర్చోవాలి, అందుకని నేను చర్చితోనే సరిపెట్టుకుంటున్నాను.

నిన్న మమ్మల్ని పంచేశారు. అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి కంప్యూటరు మీట నొక్కారు. ఒక్క క్షణంలో తెరమీద అందరి పేర్లూ, ఊళ్లూ వచ్చాయి. దోషిక్‌కి సముద్రం పక్కన వంటశాల. నాకు కాంగ్వన్ కొండల్లో మోర్టార్ దళం. ఎవరి సిఫారసూ లేకుండా నిజాయితీగా జరిగిందని మైకులో మూడుసార్లు చెప్పారు.

అక్కడ నవంబరులోనే మంచు పడుతుందట. తాతయ్యా, చలికాలంలో బూట్లు తడిస్తే మీరు ఏం చేసేవారు?

మీ మనవడు,
యున్‌హొ


సున్‌చన్,
నవంబరు 20

చిరంజీవి యున్‌హొకు,

నీలం సిరాతో వ్రాస్తున్నాను. ఎర్ర సిరా విషయం నాకు తెలియనిది కాదు. దిద్దుబాటు అలవాటులో చెయ్యి పేరుమీదికి కూడా పోయింది. ఆ సీసాను పారబోశాను.

నీ దళం సంగతి అన్నం తినేటప్పుడు మీ నాన్నకు చెప్పాను. చెంచా కింద పెట్టేశాడు.

"మోర్టారంటే ఏంటో తెలుసా నాన్నా మీకు? గొట్టం ఒకడు, కాళ్లు ఒకడు, కింద పెట్టే ఇనప పళ్లెం ఒకడు మోసుకుని కొండెక్కాలి. కొత్తవాడికి పళ్లెమే ఇస్తారు. నేను మోశాను."

"సైన్యమన్నాక బరువు ఉండదా? మేమూ చేసినవాళ్లమే."

"మీరు ఎక్కడ మోశారు?"

నేను సమాధానం చెప్పేలోపలే మీ అమ్మ అతని మోచేయి పట్టుకుంది. అతను బార్లీ నీళ్లు తాగి లేచాడు. వెళ్తూ వెళ్తూ, "గోడకి బొక్క పెట్టుకున్నారు, ఇప్పుడు వాడి కాలితో పూడ్చుకోండి" అన్నాడు. నా ముందు గొంతెత్తి ఎరగని మనిషి. ఇప్పుడు కూడా ఎత్తలేదు, మెల్లగానే అన్నాడు.

మీ దళాధిపతికి ఒక ఉత్తరం వ్రాశాను. నీకు పూర్వం శస్త్రచికిత్స జరిగిన సంగతి, నీ చేతివ్రాత గుండ్రంగా ఉండే సంగతి తెలిపి, కార్యాలయపు పనికి పరిశీలించవలసినదిగా కోరాను. మూడు వారాలైనది, సమాధానం లేదు. మళ్లీ వ్రాశాను. అక్కడి టెలిఫోను నంబరు ఇచ్చేవాళ్లు ఎవరూ దొరకలేదు.

నిన్న ఇక్కడ తొలి మంచు రాలి, మధ్యాహ్నానికి కరిగిపోయింది. అక్కడ ఎలా ఉన్నదో వ్రాయి. క్లుప్తంగానైనా వ్రాయి. తేదీ లేకపోయినా ఫరవాలేదు.

తాతయ్య


సైనిక ఆసుపత్రి,
జనవరి 14

ప్రియమైన తాతయ్యకు,

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. రాస్తే నడుస్తున్నానని రాయాలి, అది అబద్ధమవుతుంది.

జరిగింది మీకు నాన్న చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తాను. డిసెంబరు ఇరవై తొమ్మిదిన పళ్లెం వీపున కట్టుకుని దిగుతున్నాను. ఎక్కడం కష్టం కాదు తాతయ్యా, దిగడమే. ముందున్నవాళ్లు తొక్కిన మంచు గట్టిపడి గాజులా అయింది. మోకాలు పక్కకు వెళ్లింది, నేను ఇంకో పక్కకు వెళ్లాను. పళ్లెం నామీద పడింది. పాత నరం పూర్తిగా పోయింది, లోపలి మెత్త కూడా చిరిగింది. కోసి కుట్టారు.

ఇక్కడి డాక్టరు కెప్టెన్ మంచివాడే. ఎక్స్‌రే ఫిల్ము దీపానికి పెట్టి చూసి, "ఈ మరమేకులు ఎప్పటివి?" అని అడిగాడు. హైస్కూలు నాటివని చెప్పాను.

"ఈ కాలుతో నువ్వే కావాలని వచ్చావా?"

"అవును సార్."

"మా అన్నకొడుకు చదునుపాదాలని నిరూపించుకోడానికి ఏడాదిగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాడు. నువ్వేమో..." అని ఆగి, నా కాగితాలు తిరగేశాడు. బాగైపోయిందని నేను సంతకం పెట్టిన కాగితం అందులో ఉంది. పాత గాయాన్ని దాచి వచ్చినందువల్ల దీన్ని విధుల్లో తగిలిన దెబ్బగా రాయడం కష్టమట. ఇంటికి పంపాలా, మళ్లీ కొండకు పంపాలా అన్నది వైద్యమండలి తేలుస్తుంది. ఆయన చేతుల్లో లేదు, నా చేతుల్లో లేదు.

దళాధిపతిగారు మొన్న వచ్చినప్పుడు మీ రెండు ఉత్తరాలూ అందాయని చెప్పారు. అందరి ఇళ్ల నుంచీ అలాంటివి వస్తాయట, మీది చదవడానికి బాగుందన్నారు.

అమ్మా నాన్నా వచ్చి వెళ్లారు. అమ్మ ఆల్చిప్పల జావ తెచ్చింది. తినిపించిందే తప్ప దుప్పటి ఎత్తి చూడలేదు. మీరు వస్తారనుకున్నాను. నాన్నను అడిగితే, "ఏదో ఆఫీసు పని ఉందన్నారు" అని కిటికీలోంచి చూశారు.

మీ మనవడు,
యున్‌హొ


సున్‌చన్,
జనవరి 21

ప్రియమైన యున్‌హొకు,

నీ ఉత్తరాన్ని దిద్దలేదు. ఇకమీదట దిద్దను.

మీ అమ్మానాన్నలు నీ దగ్గరికి బయలుదేరిన ఉదయమే నేను క్వాంగ్‌జులోని సైనిక సేవా కార్యాలయానికి వెళ్లాను. నీ శ్రేణిని మళ్లీ నాలుగుకు మార్చమని అర్జీ వ్రాసుకుని వెళ్లాను. అర్జీతోనే నిన్ను పంపాను కనుక అర్జీతోనే తీసుకురాగలననుకున్నాను. కిటికీ వెనుక కూర్చున్న అమ్మాయికి నీ వయసే ఉంటుంది. నీ ఫైలు తెచ్చి ముందు పెట్టుకుంది.

"తాతగారూ, బాగైపోయిందని డాక్టరు కాగితం ఉంది. మీ మనవడి సంతకం ఉంది. ఈ పాత అర్జీ కూడా ఉంది. అబ్బ, ఎంత బాగా రాశారో. దీన్ని చదివి ఎవరు కాదనగలరు?"

"అది నేనే వ్రాశానమ్మా. అది తప్పని చెప్పడానికే వచ్చాను."

"లోపలికి వెళ్లాక మా చేతిలో ఉండదండీ. అంతా వాళ్ల వైద్యమండలి చేతిలోనే."

అర్జీని మడిచి చేతిలో పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆమె జాలిపడి, ఇంకేమైనా కావాలా అని అడిగింది. ఏదో ఒకటి అడగాలి కనుక పలక గురించి అడిగాను. నా పేరు, పుట్టినతేదీ కొట్టి చూసింది. ఆమె తెరను నావైపు తిప్పింది. అందులో ఉన్నది నాకు తెలియనిది కాదు.

యున్‌హొ, నేను సైన్యంలో పనిచేయలేదు. ఆ రోజుల్లో ఉపాధ్యాయ కళాశాలలో చదివే మగపిల్లలకు సెలవుల్లో కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, కాగితంమీద రిజర్వు సార్జంటును చేసి, సైన్యానికి బదులు దీవుల్లోని బడులకు పంపేవారు. నేను ఆరేళ్లు రెండు దీవుల్లో పాఠాలు చెప్పాను. దానిని సేవగానే లెక్కిస్తారని నమ్మాను, లేదా నమ్మదలచుకున్నాను. నేను అబద్ధం ఆడలేదు. మీరు సార్జంటు అన్నప్పుడు కాదనలేదు, అంతే. ఆ పలక మన ఇంటికి ఎన్నటికీ రాదు. నీ దగ్గర కాదు, మొదటి తరంలో, నా పేరు దగ్గరే ఆగిపోతుందని ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది.

ఇంకొకటి చెప్పాలి, దీనికంటె పెద్దది. నీ పెట్టె వచ్చింది సోమవారం ఉదయం. పరీక్షలు మంగళవారం వరకు ఉన్నాయని నీ చీటీలోనే ఉన్నది. శిక్షణ కేంద్రపు టెలిఫోను నంబరు పెట్టె మూతమీద అచ్చువేసి ఉన్నది. ఫోను నా మంచం పక్కనే ఉన్నది. నేను ఉత్తరం వ్రాశాను. తపాలాకు మూడు రోజులు పడుతుందని నాకు తెలుసు. "ఎలా తెలుస్తుంది" అని నువ్వు నన్ను వెనకేసుకొచ్చావు. ఆ వాక్యాన్ని రోజూ చదువుతున్నాను.

మోకాలి పట్టీని ఈ పార్సిలులో పెడుతున్నాను. మీ అమ్మకు చూపించి, అంతా చెప్పాను. ఆమె నీ బూట్లు తీసుకువెళ్లి కడిగింది.

మేకు పీకబోతే రాలేదు. తల విరిగి, మిగతాది గోడలోనే ఉండిపోయింది.

జొంగ్‌ముక్


సైనిక ఆసుపత్రి,
ఫిబ్రవరి 9

ప్రియమైన తాతయ్యకు,

పార్సిలు అందింది.

నాకు తెలుసు తాతయ్యా. మార్చిలో మీ అర్జీ ఇవ్వడానికి నేను ఒక్కణ్ణే క్వాంగ్‌జు వెళ్లాను కదా. కిటికీ దగ్గరున్నాయన అర్జీ చదివి, "పలక కోసమా? ఉండు, ముందు మీ వాళ్లవి చూద్దాం" అని అందరి పేర్లూ కొట్టాడు. మీ పేరు దగ్గర ఆగి, "మీ తాతగారిది కుదరదు బాబూ. నువ్వు వెళ్లినా వెళ్లకపోయినా పలక రాదు" అన్నాడు. అర్జీ ఇంకా నా చేతిలోనే ఉంది. "ఆలోచించుకుని రా. ఈ కిటికీ రేపు కూడా తెరిచే ఉంటుంది" అని కూడా అన్నాడు.

వెనక్కి వచ్చేశాను. బస్సు దిగి నడుస్తుంటే ఇనప సామాన్ల దుకాణంలో మీరు కనిపించారు. రెండు మేకులు రెండు చేతుల్లో పట్టుకుని, ఇత్తడి బరువుకు ఏది ఆగుతుందని దుకాణదారుణ్ణి అడుగుతున్నారు. అతను, "ఏం తగిలిస్తారు మాస్టారూ?" అన్నాడు. మీరు నన్ను చూశారు. నన్ను చూపించి, "వీణ్ణి" అన్నారు. అంతగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. మర్నాడు వెళ్లి అర్జీ ఇచ్చేశాను. నేను సైన్యానికి వెళ్లొస్తే మీరు పలక అడగడానికి వెళ్తారని తెలుసు. ఇరవై ఒక్క నెలల సేవ ముగిసేలోగా ఏదో ఒకటి చెప్పొచ్చులే అనుకున్నాను.

నిజానికి అంతకుముందే అనుమానం ఉండేది. మీ సైన్యం కథల్లో ఎప్పుడూ కీచురాళ్లు అరిచేవి. ఎప్పుడూ ఎండే. ఒక్కదానిలోనూ చలికాలం రాలేదు. బూట్ల గురించి అక్టోబరులో ఊరికే అడిగాను. మీరు జవాబు రాయనప్పుడు, అడగకుండా ఉండాల్సిందనిపించింది.

ఆ సోమవారం మీరు ఫోను చేసి ఉంటే నేను ఇంటికి వచ్చేవాణ్ణి. మీరు చేయలేదు. నేనూ ఆ ఐదు రోజుల్లో ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. ఇందులో ఎవరి తప్పు ఎక్కువో నేను తేల్చలేను. ఇక్కడ పడుకుని చాలాసార్లు ప్రయత్నించాను.

మండలి మొన్న కూర్చుంది. తొమ్మిది నిమిషాలు పట్టింది. కొండకు తిరిగి పంపుతున్నారు. పళ్లెం మోయక్కర్లేదట, సామాన్ల గదిలో కూర్చోబెడతారట. ఆ గది కొండపైన ఉంది, వంటశాల కింద ఉంది. రోజుకు మూడుసార్లు దిగాలి. ఇంకా పదహారు నెలలు. డాక్టరు కెప్టెన్ నా భుజం తట్టి, "నేను రాయాల్సింది రాశాను" అన్నాడు. ఆయన ముఖం చూస్తే రాశాడనే అనిపించింది.

పట్టీ పెట్టుకుని చూశాను. బిగించే పట్టెలు చివరిదాకా లాగినా తొడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయి. కాలు అంత సన్నబడింది. నర్సు దూది మడతపెట్టి ఇచ్చింది. నడిస్తే అది జారిపోతోంది.

సోమవారం పొద్దున బండి వస్తుంది.

ఇక్కడ అన్నం బాగుంది. అమ్మకు చెప్పండి.

మీ మనవడు,
యున్‌హొ